కట్టేవాడిది ఓవర్‌డ్యూ, ఇవ్వాల్సినవాళ్ళది పెండింగ్

నాగలమడిక ఉత్తర పినాకిని ఒడ్డున ఉన్న ఊరు. కుక్కేలో ఆది సుబ్రహ్మణ్యుడు, ఘాటిలో మధ్య సుబ్రహ్మణ్యుడు, ఇక్కడ అంత్య సుబ్రహ్మణ్యుడు అని భక్తులు చెప్పుకుంటారు. తాలూకా పావగడ, జిల్లా తుమకూరు, రాష్ట్రం కర్ణాటక. మ్యాపులో చూస్తే మాత్రం ఈ తాలూకా ఆంధ్రప్రదేశ్‌లోకి చొచ్చుకుపోయి ఉంటుంది. ఇళ్ళలో తెలుగు మాట్లాడతారు, తాలూకా ఆఫీసు కాగితాలు కన్నడంలో వస్తాయి, ఫోనుకు వచ్చే బ్యాంకు మెసేజి ఇంగ్లీషులో ఉంటుంది. డబ్బు సంగతికొస్తే తెలుగుకూ కన్నడానికీ పెద్ద పేచీ లేదు. బాకీ అన్నా, గడువు అన్నా రెండు భాషలవాళ్ళకూ అర్థమవుతుంది. అర్థం కానిదల్లా ఆ మూడో భాషలో వచ్చే మెసేజే.

ఓవర్‌డ్యూ, పాస్ట్ డ్యూ, ఎరియర్స్, పెండింగ్, లాప్స్, బిలేటెడ్, డిలేడ్, డిఫర్డ్, డిఫాల్ట్. పర్యాయపదాల నిఘంటువు తీస్తే ఇవన్నీ లేట్ అనే మాట చుట్టూనే కనిపిస్తాయి. చేతికొచ్చిన నోటీసులో మాత్రం ఒక్కో మాట వెనక ఒక్కో చట్టం, ఒక్కో లెక్క ఉంటుంది. చేతి నుంచి పోయే డబ్బూ చేతికి రావలసిన డబ్బూ ఆ లెక్కను బట్టే మారతాయి. ఇందులో గట్టిగా పట్టించుకోవలసిన సంగతి ఇంకొకటుంది. ఆలస్యం చేసింది మామూలు మనిషి అయితే ఒక మాట రాస్తారు, ఆఫీసు అయితే వేరే మాట రాస్తారు.

ముందు పంటరుణం సంగతి చూద్దాం. పావగడ చుట్టుపక్కల మెట్ట భూముల్లో వేరుశనగే ప్రధానం. వాన పడితే విత్తనం వేస్తారు, పంట చేతికొచ్చి అమ్ముడుపోయేసరికి చలికాలం వస్తుంది. కిసాన్ క్రెడిట్ కార్డు మీద 3 లక్షల వరకు పంటరుణం ఇచ్చేటప్పుడు బ్యాంకు వేసే వడ్డీ 7 శాతం. గడువులోపు కట్టినవాళ్ళకు కేంద్ర ప్రభుత్వం 3 శాతం తగ్గింపు ఇస్తుంది కాబట్టి చివరికి పడేది 4 శాతమే. కర్ణాటకలో సహకార సంఘాల ద్వారా తీసుకున్న పంటరుణానికైతే, గడువులోపు కడితే రైతు మీద వడ్డీయే పడని పథకం ఉంది. ఈ రెండింటిలోనూ కీలకం ఆ గడువు తేదీయే. తేదీ దాటిందంటే ఖాతా ఓవర్‌డ్యూ అవుతుంది, రాయితీ పోతుంది. లక్ష రూపాయల బ్యాంకు అప్పు మీద ఏడాదికి 4,000 కట్టాల్సిన చోట 7,000 కట్టాలి. అసలు తీర్చేవరకు పెరిగే వడ్డీ, పడే ఛార్జీలు దీనికి అదనం. సంవత్సరం తిరిగేలోపే ఊళ్ళో చేబదులు తెచ్చయినా సరే లోను రెన్యువల్ చేయించుకోవడానికి రైతులు పరుగులు పెట్టేది ఇందుకే.

ఓవర్‌డ్యూ అన్న మాట చూసి ఇల్లు వేలానికి వచ్చినట్టు బెంబేలెత్తేవాళ్ళున్నారు. ఆ మాటకు రిజర్వు బ్యాంకు ఇచ్చిన అర్థం చాలా చిన్నది: బ్యాంకు పెట్టిన తేదీకి అందాల్సిన డబ్బు అందలేదు, అంతే. అక్కడి నుంచి మెట్లు మొదలవుతాయి. మామూలు అప్పుల్లో 30 రోజుల వరకు ఒక మెట్టు, 60 వరకు రెండోది, 90 వరకు మూడోది. బ్యాంకువాళ్ళ భాషలో వీటి పేర్లు ఎస్‌ఎంఏ 0, 1, 2. తొంభై రోజులు దాటితే ఆ ఖాతా మొండి బకాయి, అంటే ఎన్‌పీఏ. పంటరుణానికి ఈ తొంభై రోజుల లెక్క వర్తించదు. వేరుశనగ లాంటి స్వల్పకాలిక పంటకు ఇచ్చిన అప్పు రెండు పంటకాలాలు ఓవర్‌డ్యూగా ఉంటేనే మొండి బకాయిలోకి వెళుతుంది. దీర్ఘకాలిక పంటకైతే ఒక పంటకాలం. ఒక వాన మొహం చాటేసినంత మాత్రాన రైతును ఎగవేతదారుల జాబితాలో చేర్చకూడదన్న తెలివిడి ఈ నిబంధనలో ఉంది. ఇది ప్రతి రైతుకూ తెలిసి ఉండాలి.

అనంతపురం, పావగడ లాంటి కరువు సీమల్లో ఇంకో మాట తెలుసుకుని తీరాలి: రీషెడ్యూల్. ప్రకృతి వైపరీత్యం వల్ల 33 శాతం, అంతకు మించి పంట పోయిందని ప్రభుత్వం తేల్చిన చోట, పంటరుణం గడువును పెంచి కొత్త వాయిదాలుగా మార్చడానికి రిజర్వు బ్యాంకు మార్గదర్శకాలు వీలిచ్చాయి. అలా మార్చిన బాకీని బ్యాంకు ఓవర్‌డ్యూగా లెక్కించదు, అది మళ్ళీ నడుస్తున్న అప్పు అవుతుంది. తాలూకాను కరువు ప్రాంతంగా ప్రకటించారన్న వార్త పేపర్లో చదివి ఊరుకోకుండా, బ్యాంకుకు వెళ్ళి ‘నా లోను రీషెడ్యూల్ అయిందా?’ అని అడగాలి. అయి ఉంటే కొత్త తేదీలు కాగితం మీద రాయించుకోవాలి.

పాస్ట్ డ్యూ అనేది పట్నం మాటలా వినిపిస్తుంది, ఇప్పుడది పల్లెల్లోకీ వచ్చేసింది. సెల్‌ఫోను వాయిదాల మీద కొన్నవాళ్ళు, క్రెడిట్ కార్డు తీసుకున్న కుర్రాళ్ళు నాగలమడికలోనూ ఉంటారు, మడకశిరలోనూ ఉంటారు. అప్పుల చరిత్ర నమోదు చేసే సిబిల్ లాంటి సంస్థల రిపోర్టు తీస్తే నెలనెలకూ ఒక గడి కనిపిస్తుంది. దాని పేరు డీపీడీ, అంటే డేస్ పాస్ట్ డ్యూ, గడువు దాటిన రోజులు. మూడు సున్నాలుంటే ఆ నెల బాకీ సమయానికి కట్టినట్టు. 030 ఉంటే ముప్పై రోజులు ఆలస్యమైనట్టు. ఈ గడుల్లో మూడేళ్ళ చరిత్ర నిలిచి ఉంటుంది. రేపు ఇంటిలోనుకు వెళ్ళినప్పుడు మేనేజరు ముందు ఈ అంకెలే చూస్తాడు. క్రెడిట్ కార్డు విషయంలో రిజర్వు బ్యాంకు 2022లో ఒక ఊరట ఇచ్చింది. గడువు దాటి మూడు రోజులకు మించితేనే పాస్ట్ డ్యూ అని రిపోర్టు చేయాలి, ఆలస్య రుసుము కూడా అప్పుడే వేయాలి. ఆదివారం అడ్డొచ్చి ఒక రోజు ఆలస్యమైనవాళ్ళకు కూడా రుసుము పడి ఉంటే, ఈ నిబంధన చూపించి అడగవచ్చు.

మిగతా అప్పుల మీద ఆలస్యానికి వేసే జరిమానాకూ ఒక కట్టుబాటు వచ్చింది. అంతకుముందు చాలా చోట్ల జరిమానాను వడ్డీ రేటులోనే కలిపేసేవారు. 2023 ఆగస్టు 18న రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఆదేశం ప్రకారం జరిమానాను విడి ఛార్జీగానే చూపాలి, దాన్ని అసలులో కలిపి మళ్ళీ వడ్డీ వేయకూడదు. అంటే స్టేట్‌మెంటులో జరిమానా వేరే వరుసలో కనపడాలి. కనపడకుండా బాకీ పెరిగిపోతుంటే లెక్క అడిగే హక్కు అప్పు తీసుకున్నవాడికి ఉంది.

బీమాలో అసలు చిక్కు లాప్స్ అనే మాట దగ్గర వస్తుంది. జీవిత బీమా ప్రీమియం తేదీ దాటిన వెంటనే పాలసీ పోదు. నెలనెలా కట్టేవాళ్ళకు 15 రోజులు, మూడు నెలలకో ఆరు నెలలకో ఏడాదికో కట్టేవాళ్ళకు 30 రోజులు గ్రేస్ పీరియడ్ ఉంటుంది. ఆ రోజుల్లో పాలసీదారు చనిపోయినా క్లెయిము చెల్లుతుంది, రావలసిన ప్రీమియం మాత్రం మినహాయించుకుంటారు. ఆ రోజులూ దాటితేనే లాప్స్. లాప్స్ అయిన మామూలు పాలసీని, కట్టని మొదటి ప్రీమియం తేదీ నుంచి 5 ఏళ్ళలోపు వడ్డీతో కట్టి మళ్ళీ నిలబెట్టుకోవచ్చు. మార్కెట్టుతో ముడిపడిన పాలసీలకు 3 ఏళ్ళే. పాలసీ పోయిందనుకుని బాండు పేపరు అటక మీద పడేసిన ఇళ్ళు మన ఊళ్ళలో తక్కువేం కాదు. ఆ బాండు దించి, చివరిసారి ప్రీమియం కట్టిన తేదీ ఒకసారి చూసుకోవడం మంచిది.

బ్యాంకుకు బయట జరిగే అప్పులది మరో లోకం. ఊళ్ళో ఇచ్చిపుచ్చుకునేది ప్రోనోటు మీద. డిమాండు నోటు మీద దావా వేయడానికి 1963 నాటి కాలపరిమితి చట్టం ఇచ్చిన గడువు, నోటు తేదీ నుంచి 3 ఏళ్ళు. అది దాటితే ఇంగ్లీషులో టైమ్ బార్డ్ అంటారు, మనవాళ్ళు నోటుకు కాలదోషం పట్టిందంటారు. ఈ సంగతి వడ్డీవ్యాపారికీ తెలుసు, రైతుకూ తెలుసు. అందుకే మూడో ఏడు నిండకముందే అప్పిచ్చినవాడు వచ్చి ఎంతో కొంత కట్టమంటాడు. కట్టిన ఐదు వందలో వెయ్యో నోటు వెనకాల తేదీతో రాసి, బాకీదారు చేత సంతకం పెట్టించుకుంటాడు. దీన్నే చెల్లు వేయించుకోవడం అంటారు. ఆ చిన్న చెల్లుతో గడువు ఆ తేదీ నుంచి కొత్తగా మూడేళ్ళు నడుస్తుంది. కాలదోషం పట్టాక కూడా బాకీదారు తిరగరాసి సంతకం పెడితే, కాంట్రాక్టు చట్టం 25వ సెక్షను కింద ఆ బాకీ మళ్ళీ చెల్లుబాటవుతుంది. ‘ఊరికే ఒక సంతకం పెట్టన్నా, ఏం కాదులే’ అని ఎవరైనా అంటే, ఆ సంతకంతో ఏమవుతుందో తెలుసుకునే పెట్టాలి.

బిడ్డ పుట్టుకను నమోదు చేయించడానికీ గడువుంది. 21 రోజులు దాటి 30 రోజుల్లోపైతే ఆలస్య రుసుము. ఏడాదిలోపైతే పై అధికారి రాతపూర్వక అనుమతి కావాలి. ఏడాది దాటితే మేజిస్ట్రేటు ఉత్తర్వు కావాలి. దీన్ని డిలేడ్ రిజిస్ట్రేషన్ అంటారు. ఆదాయపన్ను రిటర్ను గడువు దాటి వేస్తే బిలేటెడ్. ఇంజనీరింగు కాలేజీలో తప్పిన పేపర్లయితే తెలుగు పిల్లలు బ్యాక్‌లాగ్స్ అంటారు, వాటికి రాసే పరీక్ష సప్లీ. అదే బ్యాక్‌లాగ్ ఉద్యోగాల జాబితాలో కనిపిస్తే అర్థం చాలా బరువైనది: ఎస్సీ, ఎస్టీలకు కేటాయించి ఏళ్ళ తరబడి నింపకుండా వదిలేసిన పోస్టులు. 2000లో 81వ సవరణ ద్వారా రాజ్యాంగంలో చేర్చిన 16(4బి) నిబంధన ప్రకారం, అలా మిగిలిన పోస్టులను ఆ తర్వాతి ఏడాది రిజర్వేషన్లకున్న 50 శాతం పరిమితిలో కలపకుండా విడిగా లెక్కించవచ్చు. ఇక్కడ ఆలస్యం చేసింది విద్యార్థి కాదు, సర్కారు.

సర్కారు ఆలస్యం చేస్తే మాటలు మారడం సరిగ్గా ఇక్కడే కనిపిస్తుంది. రైతు కట్టాల్సింది ఓవర్‌డ్యూ అయితే, రైతుకు రావలసింది పెండింగ్. ఉద్యోగి ఇంటిలోను కిస్తు తప్పితే డిఫాల్ట్, అదే ఉద్యోగికి ఇవ్వాల్సిన కరువు భత్యం ఏళ్ళు గడిచినా ఎరియర్స్. పెండింగ్ అన్న మాట వింటే తప్పు ఎవరిదో తెలియదు. ఫైలు దానంతట అదే ఎక్కడో ఆగినట్టుంటుంది. ఆ మాటకు ముందు ఎవరి దగ్గర, ఎన్నో తేదీ నుంచి అని చేర్చి అడిగితే తప్ప జవాబు బయటికి రాదు.

ఇలాంటి ఒక మాటను ఆంధ్రప్రదేశ్‌లో సుప్రీంకోర్టు దాకా తీసుకెళ్ళారు. కరోనా మొదలైన రోజుల్లో, 2020 మార్చి 31న రాష్ట్ర ప్రభుత్వం ఉద్యోగుల జీతాల్లో, పింఛన్లలో కొంత భాగాన్ని వాయిదా వేస్తూ ఉత్తర్వు ఇచ్చింది. అందులో వాడిన మాట డిఫర్‌మెంట్. అంటే కోత కాదు, ఎగవేత కాదు, తర్వాత ఇస్తామని అర్థం. విశ్రాంత జిల్లా జడ్జి ఒకరు దీని మీద హైకోర్టుకు వెళ్ళారు. నిలిపిన మొత్తాన్ని 12 శాతం వడ్డీతో ఇవ్వాలని హైకోర్టు తీర్పు చెప్పింది. వడ్డీ మీద ప్రభుత్వం సుప్రీంకోర్టుకు వెళ్ళింది. ఖజానా పరిస్థితి బాగాలేక, మంచి ఉద్దేశంతోనే ఆపామని వాదించింది. 2021 ఫిబ్రవరి 8న సుప్రీంకోర్టు వడ్డీని 6 శాతానికి తగ్గించింది గానీ మొత్తానికి ఎత్తేయలేదు. చేసిన పనికి జీతం, చేసిన సర్వీసుకు పింఛను హక్కుగా రావలసినవని, ఆలస్యంగా ఇచ్చేవాళ్ళు వడ్డీ ఇవ్వాల్సిందేనని స్పష్టం చేసింది. అది ప్రభుత్వానికి శిక్ష కాదని కూడా చెప్పింది. డిఫర్ అన్నా, పెండింగ్ అన్నా ఒకరి డబ్బు మరొకరి దగ్గర ఉండిపోయిందన్న నిజాన్ని ఈ తీర్పు లెక్కలోకి తెచ్చింది. తెలుగునాట ప్రతి ఉద్యోగ సంఘం ఆఫీసులోనూ గోడకు అంటించుకోవలసిన తీర్పు ఇది.

కోర్టు గడువు విషయంలోనూ ఇదే పేచీ నడిచింది. అప్పీలు ఆలస్యంగా వేసినవాళ్ళు తగిన కారణం చూపితే, కాలపరిమితి చట్టం 5వ సెక్షను కింద ఆ ఆలస్యాన్ని మన్నిస్తారు. వకీళ్ళు దీన్ని కండోనేషన్ పిటిషన్ అంటారు. ఫైలు ఒక టేబులు నుంచి ఇంకో టేబులుకు నడవడానికి టైము పడుతుందని చెప్పి ప్రభుత్వ శాఖలు ఏళ్ళ తరబడి ఈ మన్నింపు పొందుతూ వచ్చాయి. 2012లో పోస్టుమాస్టర్ జనరల్ కేసులో సుప్రీంకోర్టు దానికి అడ్డుకట్ట వేసింది. గడువు చట్టం అందరికీ ఒకటేనని, ప్రభుత్వానికి ప్రత్యేక మినహాయింపు లేదని చెప్పింది.

మళ్ళీ పావగడకు వద్దాం. ఈ తాలూకాలో డిలేడ్ అన్న మాట వినగానే పెద్దవాళ్ళకు గుర్తొచ్చేది రైలు. రాయదుర్గం నుంచి కళ్యాణదుర్గం, పావగడ, మడకశిర, మధుగిరి మీదుగా తుమకూరుకు వేయాల్సిన దారి ఇది. పొడవు దాదాపు 207 కిలోమీటర్లు. 2007-08లో మంజూరైంది. రాయదుర్గం వైపు నుంచి కళ్యాణదుర్గం, అక్కడి నుంచి కదిరిదేవరపల్లి అంటూ ముక్కలు ముక్కలుగా పూర్తవుతూ వచ్చింది. మంజూరైన ఏడాది పుట్టిన పిల్లలు ఓటుహక్కు వయసుకు వచ్చారు. ఒక రైతు కిస్తు ఒక్క రోజు తప్పితే బ్యాంకు కంప్యూటరు ఆ రాత్రే గుర్తు పెడుతుంది. ఒక ప్రాంతం మొత్తానికి రావలసిన దారి ఇన్నేళ్ళు ఆగితే, దానికి ఏ డీపీడీ గడీ లేదు.

నడిచే రైలు ఆలస్యమైతే మాత్రం కొంత లెక్క ఉంది. బండి మూడు గంటలకు మించి ఆలస్యమై, ప్రయాణికుడు ఎక్కకుండా మానుకుంటే టికెట్టు డబ్బు మొత్తం వెనక్కి అడగవచ్చు. కారణం చెప్పలేని ఆలస్యానికి రైల్వేదే బాధ్యతని సుప్రీంకోర్టు 2021 సెప్టెంబరులో తేల్చింది. 2016లో అజ్మీర్–జమ్మూ ఎక్స్‌ప్రెస్ 4 గంటలు ఆలస్యంగా చేరి, ఒక కుటుంబం శ్రీనగర్ విమానం అందుకోలేకపోయిన కేసు అది. రైల్వే పరిహారం ఇవ్వాల్సి వచ్చింది.

నాగలమడిక హోబళిలోనే (తాలూకాలో ఒక రెవెన్యూ విభాగం) ఈ లెక్కంతా తిరగబడిన చోటు ఒకటుంది. తిరుమణి, దాని చుట్టుపక్కల ఊళ్ళలో దాదాపు 13,000 ఎకరాల్లో 2,050 మెగావాట్ల సోలార్ పార్కు వెలిసింది. అక్కడి భూమిని కొనలేదు, కౌలుకు తీసుకున్నారు. మొదట్లో ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయలు, రెండేళ్ళకోసారి 5 శాతం పెంపు. ఇన్నాళ్ళూ తేదీకి భయపడిన రైతు ఇక్కడ తేదీ కోసం ఎదురుచూసేవాడయ్యాడు. కౌలు ఒప్పందాల్లో ఎప్పుడు కడతారన్న వాక్యాన్ని అందరూ చదువుతారు. కట్టడం ఆలస్యమైతే ఎంత వడ్డీ అన్న వాక్యం ఉందా లేదా అన్నది చాలామంది చూడరు. పొలం ఎవరికైనా రాసిచ్చేముందు ఆ వాక్యం ఉండేలా చూసుకోవాలి. బ్యాంకు తన ఒప్పందంలో దాన్ని ఎప్పుడూ మరిచిపోదు.

ఆఫీసుల ఆలస్యానికి వెల కట్టిన చట్టాలు మనకు కొన్ని ఉన్నాయి. 2005 ఉపాధి హామీ చట్టం కింద పదిహేను రోజుల్లో కూలి అందకపోతే పదహారో రోజు నుంచి రోజుకు 0.05 శాతం పరిహారం పెట్టారు. వెయ్యి రూపాయల కూలి మీద అది రోజుకు అర్ధరూపాయి. చిన్న మొత్తమే, కానీ ఆలస్యం ఎవరిదో ఒప్పుకున్న మొత్తం. సమాచార హక్కు చట్టం ఇంకాస్త గట్టిది. 30 రోజుల్లో జవాబు ఇవ్వాల్సిన అధికారి సరైన కారణం లేకుండా తాత్సారం చేస్తే రోజుకు 250 చొప్పున 25,000 దాకా జరిమానా, అదీ ఆఫీసు ఖాతా నుంచి కాదు, ఆ అధికారి జేబు నుంచి.

నాగలమడికవాళ్ళకు చేతికి అందేది కర్ణాటక ప్రభుత్వపు సకాల చట్టం. 2011లో చేశారు, 2012 ఏప్రిల్‌లో రాష్ట్రమంతటా అమల్లోకి వచ్చింది. కుల, ఆదాయ ధ్రువపత్రాలు, పింఛన్లు ఇలా ఏ పనికి ఎన్ని రోజులో అందులో రాసిపెట్టారు. అర్జీ ఇచ్చినప్పుడు జీఎస్‌సీ నంబరుతో ఒక రసీదు ఇవ్వాలి, పని ఎప్పటికి కావాలో ఆ రసీదు మీద ఉంటుంది. ఆ తేదీ దాటితే పై అధికారికి అప్పీలు చేసుకుని, రోజుకు 20 రూపాయల చొప్పున గరిష్ఠంగా 500 వరకు పరిహారం అడగవచ్చు. తర్వాత ఆ మొత్తాన్ని ఆలస్యం చేసిన ఉద్యోగి నుంచి రాబట్టుకుంటారు. అర్జీ ఇచ్చి రసీదు లేకుండా ఇంటికి వస్తే అది ఎన్నాళ్ళయినా పెండింగే. రసీదు అడిగి తీసుకుంటే, దాని మీది తేదీ దాటిన మర్నాటి నుంచి ఆ ఆఫీసు పని ఓవర్‌డ్యూ.